కన్నే కాంటా

బాటసింగారం దగ్గర విజయవాడ హైవే పక్కన ఒక గ్యారేజీ ఉంది. రేకుల షెడ్డు, ముందొక వేపచెట్టు, దాని కింద ఖాళీ ఆయిలు డ్రమ్ములు. పొద్దున్నే డ్రమ్ము మీద కూర్చుని టీ తాగుతూ, రోడ్డు మీద పోయే బండ్ల బరువు చెప్పడం ఆ గ్యారేజీ ఉస్తాద్‌కు అలవాటు.

"ఆ డీసీఎంల నాలుగున్నర టన్నులున్నది. టైర్లు ఏడుస్తున్నయ్."

"ఈ బొలెరో టన్నుంబావు."

అక్కడ బండ్లకు కొదవ లేదు. కొత్తపేట పక్కన గడ్డిఅన్నారంలో 1986 నుంచి నడిచిన పండ్ల మార్కెట్ కొన్నేళ్ల కిందట బాటసింగారం లాజిస్టిక్స్ పార్కుకు మారింది. అప్పటి నుంచి మామిడి సీజన్ వస్తే తెల్లవారకముందే బండ్లు బారులు తీరతాయి. కాయలు తూచుకుని వచ్చిన డ్రైవర్లు టీ కొట్టు దగ్గర ఆగి ఉస్తాద్‌కు చీటీ చూపిస్తారు. ఆయన చెప్పిన లెక్క వంద కిలోలకు అటూ ఇటూగా సరిపోతుంది. డ్రైవర్లు నవ్వి టీ పైసలు వాళ్లే ఇచ్చి పోతారు.

నా పాత మారుతికి బ్రేకులు వేయించడానికి వెళ్లి, ఆ డ్రమ్ముల మీదే కూర్చుని అడిగాను, ఎలా చెప్పగలుగుతున్నావని.

"కమాన్లు, గదే స్ప్రింగు పట్టీలు చూడాలె సారూ. కాయలు చూడొద్దు, టార్పాలిన్ చూడొద్దు. ఎనక కమాన్ కట్ట ఎంత వాలిందో అదొక్కటే చూడాలె. డ్రైవరు అబద్ధం చెప్తడు, చీటీ అబద్ధం చెప్తది. కమాను చెప్పదు."

అదే పొద్దున కాంటెస్సా వచ్చింది.

ఆ కారు గురించి ఇప్పటి కుర్రవాళ్లకు ఒకమాట చెప్పాలి. కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో అంబాసిడర్లు తయారు చేసిన హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే 1984లో దీన్ని తెచ్చారు. ఒళ్లు ఇంగ్లండు వాక్స్‌హాల్ కారుది. మొదట్లో దానికి అంబాసిడర్ ఇంజనే పెట్టారు. అంత పెద్ద ఒంటిని ఆ ఇంజను లాగలేకపోయింది. తర్వాత జపాన్ ఇసుజు 1.8 లీటర్ల ఇంజను, అయిదు గేర్లు వచ్చాయి. అప్పుడు గానీ ఒంటికి తగ్గ ఊపిరి రాలేదు. పొడుగాటి బానెట్టు, వెడల్పాటి వెనక భాగం, ముందుకు దూకబోతున్నట్టుండే వాలకం. అమెరికాలో 1964 నాటి పాంటియాక్ జీటీవోతో మొదలైన మజిల్ కార్ల మోజుకు మన దేశంలో దగ్గరగా వచ్చింది ఇదొక్కటే. 2002లో తయారీ ఆగిపోయింది. ఉన్నవాటిని ఇప్పుడు ప్రాణంలా చూసుకునేవాళ్లున్నారు.

వచ్చినాయన అలాంటివాడే. యాభై ఏళ్లుంటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపు. బండి 1990ల నాటిది, తండ్రి కొన్నది. ఆయన పోయాక చాలా ఏళ్లు షెడ్డులో పడి ఉంటే ఈయన బయటికి తీయించి, ఇంజను బాగు చేయించి, ముదురు ఎరుపు రంగు వేయించాడు. అద్దంలా మెరుస్తోంది. వెనక భాగం మాత్రం నేలకు కుంగి ఉంది.

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక గొంతుక్కూర్చున్నాడు. చక్రం మీది అంచుకూ టైరుకూ మధ్య నాలుగు వేళ్లు పెట్టబోయాడు. రెండే పట్టాయి.

"డిక్కీల ఏం పెట్టినవ్ సార్? క్వింటలున్నర ఉన్నది."

"ఏం లేదు ఉస్తాద్. స్టెప్నీ ఒక్కటే" అన్నాడాయన. "ఆ డిక్కీ తెరిచి ఏండ్లయింది. తాళంచెవి నాన్న దగ్గర ఉండేది. నాన్న పోయినంక ఎంత వెతికినా దొరకలేదు. పగలగొట్టిద్దామంటే మనసొప్పలేదు. పైనుంచే రంగేయించిన."

"ఏం లేకుంటే ఇట్లెందుకు కూసున్నది?"

"షాకప్సర్లు పోయినయ్. అందుకేగా నీ దగ్గరికి తెచ్చింది."

ఉస్తాద్ ఇంకోసారి వంగి చూశాడు. లేచి వచ్చి నా పక్కన కూర్చుని, నాకొక్కడికే వినబడేలా అన్నాడు.

"నా కన్ను తప్పింది సారూ."

ఒక బండి బరువు తప్పు చెప్పినందుకు పడే నామోషీ కాదది. చాలాకాలంగా రావద్దనుకుంటున్న జబ్బు వచ్చిందని తెలిసిన మనిషి అలా అంటాడు.

పని మొదలైంది. కుర్రాళ్లు జాకీ పెట్టి బండి వెనక భాగం ఎత్తారు. యాక్సిల్ కింద మరో జాకీ ఆనించాకే షాకుల మీద చెయ్యి వేయనిచ్చాడు ఉస్తాద్. "ఉత్తగ ఇప్పితే యాక్సిల్ ఒక్కసారే కిందికి జారి బ్రేకు పైపును గుంజుతది" అని వాళ్లకు చెబుతూ తాను కిందికి దూరాడు.

అక్కడున్నవి మామూలు షాకులు కావు. గాలి షాకులు. అమెరికాలో ఉన్న బావమరిది పంపితే, సిటీలో ఒక షాపువాళ్లు బిగించారట. మామూలు ఆయిలు షాకుకే పైన ఒక రబ్బరు సంచి తొడుగులా ఉంటుంది. సన్నటి ట్యూబు గుండా గాలి నింపితే సంచి ఉబ్బి బండి వెనక భాగాన్ని పైకి నెడుతుంది. ఒకప్పుడు అమెరికా కుర్రకారు మజిల్ కార్ల వెనక వెడల్పు టైర్లు వేసి, అవి ఒంటికి రాసుకోకుండా తోక పైకెత్తడానికి వీటిని తెగ వాడారు. వెనక ట్రైలరు తగిలించుకుని తిరిగేవాళ్లకూ ఇవి అక్కరకొచ్చాయి. గాలి మరీ దింపేయకూడదు. ఎప్పుడూ కనీసం 20 పౌండ్లన్నా ఉండాలి. లేకపోతే సంచి ముడతపడి, ఆ ముడత దగ్గరే కోసుకుపోతుంది.

"ప్రతి ఆదివారం పెట్రోలు బంకుల గాలి కొట్టిస్తున్న. గురువారం వచ్చేసరికి మళ్లా కుంగుతది" అన్నాడు బండాయన.

ఉస్తాద్ నెంబరు ప్లేటు పక్కనున్న మూతి నుంచి గాలి కొట్టించి, సబ్బు నురగ తెచ్చి రబ్బరు మీద పూశాడు. కుడి పక్క షాకు ముడతలో చిన్న బుడగ లేచింది. పగిలింది. ఇంకోటి లేచింది. రెండు షాకులకూ గాలి పైపు ఒక్కటే కాబట్టి ఒకటి కారితే రెండూ దిగిపోతాయి. అంతవరకు మామూలే. ఉస్తాద్‌ను ఆపింది వేరే సంగతి. షాకు పైబోల్టు బిగించే చోట రేకు మీద వెంట్రుకంత చీలిక. బోల్టు రంధ్రం నుంచి బయల్దేరి వేలెడు పొడవు పాకింది. దాని చుట్టూ ఎర్రటి తుప్పు పొడి.

ఆయన బండాయన్ను కిందికి వంగమని ఆ చీలిక చూపించాడు.

"స్ప్రింగు పని బరువు మోసుడు. షాకు పని ఊపు ఆపుడు. ఎవల పని వాళ్లదే. ఈ గాలి షాకు పెట్టినంక స్ప్రింగు మొయ్యవల్సిన బరువు షాకు మీద పడ్డది, షాకు నుంచి ఈ రేకు మీద పడ్డది. ఇది బరువు మొయ్యనీకి కట్టిన జాగ కాదు. ఇంకో యాడాదైతే షాకు పొడుచుకొని పైకి వస్తుండె."

"మరి పెట్టినోళ్లు చెప్పలేదే?"

"కుంగింది లేపిన్రు. ఎందుకు కుంగిందో అడగలే."

గాలి షాకులు తీసేసి మామూలు గ్యాసు షాకులు వేయాలని తేల్చాడు. కాంటెస్సాకు ఇప్పుడు అసలు సామాను దొరకడం కష్టం. పాతదాన్ని పూర్తిగా సాగదీసి ఒక కొలత, అణిచిపెట్టి ఒక కొలత, కింది కన్ను లోపలి వ్యాసం ఒక కొలత రాసుకుని, ఒక కుర్రాణ్ణి రాణిగంజ్ పంపాడు. తుప్పు పట్టిన బోల్టులకు డీజిలు పోసి రాత్రంతా నానబెట్టమన్నాడు. నా బండికి కూడా ఒక బ్రేకు సిలిండరు రావాల్సి ఉండటంతో మర్నాడు నేనూ వెళ్లాను.

మర్నాడు చీలికకు వెల్డింగు జరుగుతోంది. బండాయన ఫోను మాట్లాడుకుంటూ రోడ్డు వార దాకా వెళ్లాడు. అప్పుడు అడిగాను ఉస్తాద్‌ను, కన్ను తప్పిందని నిన్న అంత బాధపడ్డావేమని.

"మా నాయిన గట్లనే అని సచ్చిపోయిండు సారూ" అన్నాడు.

నకిరేకల్ అవతల పల్లె వాళ్లది. మూడెకరాల బత్తాయి తోట. నల్లగొండ బత్తాయి గురించి మన ఇళ్లల్లో కొత్తగా చెప్పక్కర్లేదు. తోట వేసి కాపు అందుకోవడానికి నాలుగైదేళ్లు బిడ్డను సాకినట్టు సాకాలి. అలా సాకినవాడికి చెట్టు చెట్టూ తెలుస్తుంది.

"మా నాయినకు కన్నే కాంటా. చెట్టు చుట్టు ఒక్కసారి తిరిగి ఇది నలభై కిలోలు, ఇది అరవై అని చెప్పేటోడు. తెంపి తూస్తే అంతే ఉండేది. చుట్టుపక్కల తోటలోళ్లు కాపు అంచనా కట్టనీకి ఆయన్నే పిలిచేటోళ్లు. బండి కట్టి మరీ తీస్కపోయేటోళ్లు. నేను ఎంబడి పోయేటోణ్ణి."

ఒక ఏడు తెల్ల కారులో ఒక సేటు వచ్చాడట. తోట దగ్గరే కొంటానన్నాడు. మార్కెట్ దాకా మోసుకుపోయే ఖర్చు లేదు, కమీషను లేదు. అక్కడికక్కడే నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడతాడు. కాంటా, రాళ్లు కూడా తన కార్లోనే తెచ్చుకుంటాడు.

"నాయిన పది టన్నులైతది అన్నడు. కాంటా మీద తొమ్మిదే వచ్చింది. తెంపుడుల, మోసుడుల ఏమన్న పోయిందేమో అనుకున్నడు. మళ్లేడు గూడ అంతే. పదన్నడు, తొమ్మిదొచ్చింది. ఇంకో ఏడు పన్నెండన్నడు, పదకొండు గూడ నిండలే. నేను లారోళ్లకు దొంగతనంగ కాయలిస్తున్నని అనుమానం పడ్డది. చింతబరికె ఇరిగేదాక కొట్టిండు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో తండ్రి మీద కోపం లేదు.

"ఆ మళ్లేడు నన్ను తోట పొంటి రానియ్యలే. పగలు రాత్రి తనే కావలున్నడు. కాయ గూడ పక్కకు పోలే. అయినా తక్కువనే వచ్చింది. గప్పుడు అనుమానం నా మీద నుంచి తన మీదికి మళ్లింది. 'నా కన్ను పోయింది బిడ్డా' అన్నడు. మళ్ల ఎవ్వల తోటకు అంచనాకు పోలే. ఇంటికొచ్చి బతిలాడినా పోలే. చెట్టు దిక్కు చూసుడే బంద్ జేసిండు. తోట కౌలుకిచ్చి నన్ను హయత్‌నగర్‌ల ఒక గ్యారేజీల పెట్టిండు. గట్ల ఈ పని వచ్చింది నాకు."

పంట పోతే రైతు మళ్లీ వేస్తాడు. అప్పయితే తీరుస్తాడు, లేదా తీర్చలేక కుమిలిపోతాడు. ఆ మనిషికి పోయింది వేరు. జీవితమంతా చెట్లను చూసి సంపాదించుకున్న చూపు, నలుగురూ బండి కట్టి తీసుకుపోయిన చూపు, ఒక ఇనుప దూలం ముందు ఏటేటా అబద్ధమవుతూ వచ్చింది. అంతకన్న పెద్ద నష్టం రైతుకు ఏముంటుందో నాకు తెలియదు.

"తూసేటప్పుడు నువ్వు అక్కడే ఉండేవాడివా?"

"రాళ్లు మోసుడు నా పనే సారూ, కారు కాడి నుంచి కాంటా దాక. ఇరవై కిలోల రాళ్లు ఐదు. ఐదూ ఎక్కితే క్వింటల్. బియ్యం సంచి పాతిక కిలోలది భుజాన ఏసుకొని ఉరికేటోణ్ణి గని, ఆ రాయి లేపితే మాత్రం నడుము పట్టేది. ఇనుము కదా, చేతికి ఇమడదు అనుకునేటోణ్ణి. ఒక రాయికి పైన పట్టుకునే కడ్డీ ఇరిగిపోయి వేళ్లు కోస్తుండె. నాయిన చూసి ఇనుప తీగ మూడు పేటలు మెలేసి కొత్త కడ్డీ కట్టిండు. దాని మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టిండు. సేటు మెచ్చుకొని ఐదు రూపాయలియ్యబోతే తీస్కోలే. రాయి నీది గని వేళ్లు నా కొడుకువి అన్నడు."

వెల్డింగు అయిపోయిందని కుర్రాడు కేకేశాడు. ఉస్తాద్ లేచాడు.

కొత్త షాకులు వచ్చి ఉన్నాయి. బిగించేముందు ఒక్కొక్కదాన్ని నిలువుగా పట్టుకుని, నేలకానించి పూర్తిగా అణిచి, పూర్తిగా లాగి, మళ్లీ అణిచాడు. మొదట్లో లోపల గుటగుటమంది. నాలుగైదు సార్లకు ఆ చప్పుడు పోయి, అణిచినా లాగినా ఒకే బిగువున కదిలింది. పడుకోబెట్టి అమ్మే సరుకు కదా, లోపలి ఆయిల్లో గాలి చేరుతుంది, అది పోగొట్టకుండా బిగిస్తే మొదటి గుంతలోనే కొత్త షాకు పాతదానిలా కొడుతుందని చెప్పాడు. కొత్త రబ్బరు బుష్‌లు వేసి, బోల్టులు చేతితోనే ఎక్కించి వదిలేశాడు. బండి దించి, చక్రాల మీద బరువు పడ్డాకే పానా వేసి బిగించాడు. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలిపడ్డచోటే ఉండిపోయి తొందరగా చిరిగిపోతుందట. ఒక్క పని కూడా తొందరపడి చేయలేదు. మనం బండ్లలో నిశ్చింతగా కూర్చుని పోగలుగుతున్నామంటే ఇలాంటి చేతుల వల్లే.

బండి వెనక మూల మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా అణిచి వదిలాడు. ఒక్కసారి లేచి నిలబడిపోయింది. ఊగలేదు. షాకులు పక్కాగా ఉన్నాయి.

కానీ తోక లేవలేదు. వేళ్లు పెట్టి చూశాడు. రెండే పట్టాయి.

బండాయన మొహం వాడిపోయింది. ఉస్తాద్ ఏమీ అనకుండా మళ్లీ జాకీలు పెట్టించాడు. ఈసారి వెనక స్ప్రింగులు రెండూ విప్పి పక్కపక్కన పెట్టి కొలిచాడు. రెండూ ఒక్క తీరు. ఎక్కడా విరుగు లేదు, ఒకటి పొట్టి ఒకటి పొడుగు లేదు. తిరిగి బిగించి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు.

"షాకులు మంచిగున్నయ్. స్ప్రింగులు మంచిగున్నయ్. ఇగ ఒక్కటే మిగిలింది సార్. డిక్కీ తెరవాలె."

"పగలగొడతావా?"

"పగలగొట్ట. మీ నాయిన తాళం గదా."

హయత్‌నగర్ నుంచి తాళాలతన్ని పిలిపించాడు. తాళంలో డీజిలు చుక్కలు వేసి, సన్నటి రేకుతో తడిమి తడిమి, ఆకురాయితో అరగదీసి అరగదీసి అతను కొత్త చెవి చేశాడు. మధ్యాహ్నం దాటాక డిక్కీ కీచుమంటూ తెరుచుకుంది.

మూత లోపలి వైపు ఎరుపు లేదు. అక్కడ బండి పాత రంగు అలాగే ఉంది. తెలుపు.

లోపల గోనెసంచులు పరిచి ఉన్నాయి. వాటిని తీస్తే ఇనుప దూలం, గొలుసులు, రెండు పెద్ద పళ్లేలు. వాటి కింద పేర్చినట్టు అయిదు ఇనుప రాళ్లు.

బండాయన రెండు చేతులూ డిక్కీ అంచు మీద పెట్టి చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇది నాన్న కాంటా. నల్లగొండ దిక్కు తోటలన్నీ తిరిగి కాయలు కొనేవాడు. కాంటా ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు, ఎప్పుడూ బండ్లనే. దీంతోనే మమ్మల్ని చదివించిండు, పెండ్లిళ్లు చేసిండు."

కుర్రాళ్లు ఒక్కొక్కటే దించుతున్నారు. రాళ్లు దించేటప్పుడు ఉస్తాద్ తానే ముందుకు వెళ్లాడు. ఒకటి దించాడు. రెండోది దించాడు. మూడోదాని మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. దాని కడ్డీ ఇనుప తీగది. మూడు పేటలు, కుడికి మెలి. దాని మీద చుట్టిన సైకిల్ ట్యూబు ఎండి పగుళ్లిచ్చింది గానీ ఊడిపోలేదు.

నేను ఆయన్ను చూశాను. ఆయన నన్ను చూడలేదు.

"ఎంత బరువుండెనో చూద్దాం సార్" అని మాత్రం అన్నాడు. పక్కన మామిడిపండ్లు అమ్మేవాళ్ల దగ్గర ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. అది తెప్పించాడు. దూలం, గొలుసులు, పళ్లేలు, రాళ్లు అన్నీ పెడితే 152 కిలోలు. నిన్న పొద్దున ఆయన చూపుతో తూచింది క్వింటాలున్నర.

"రాళ్లు ఒక్కటే పెట్టున్రి" అన్నాడు కుర్రాళ్లతో.

అయిదు రాళ్లు పెట్టారు. ఒక్కోదాని మీద పోతలోనే 20 అని అచ్చు పడి ఉంది. కాంటా మీద ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఆడి నిలబడ్డాయి. 111.

బండాయన వంగి చూశాడు. "ఐదిరవైలు వందే కదా?" అని ఒక్కొక్క రాయీ విడిగా పెట్టించాడు. ప్రతిదీ 22 కిలోల పైచిలుకే. ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ఆయన మొహం వెలిగిపోయింది.

"చూసినవా ఉస్తాద్! తక్కువ తూచే వ్యాపారుల్ని ఊరినిండ చూస్తం. రాయికి రెండు కిలోలు ఎక్కువ పెట్టుకుని తూచినోణ్ణి ఎప్పుడన్న చూసినవా? మా నాన్న తూకమంటే ఇదీ!"

ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. పొద్దున లేస్తే మీటర్ల లెక్కన గుడ్డ అమ్మే మనిషి. అమ్మేవాడి రాయి బరువుగా ఉంటే కొన్నవాడికి లాభమని ఆయనకు తెలుసు. కానీ ఆయన తండ్రి ఆ తోటల్లో అమ్మలేదు. కొన్నాడు. ఆ రాళ్లకు ఎదురుగా 111 కిలోల కాయలు పోస్తే గానీ దూలం సమానం కాదు. సమానమైనప్పుడు రైతుకు దక్కిన లెక్క 100. పది టన్నులు పోసినవాడికి తొమ్మిది.

ఒక రాయిని తిరగేసి చూశాను. ఇలాంటి రాళ్లకు సీసం నింపిన గుంట ఒకటి ఉంటుంది. తూనికలు కొలతల శాఖవాళ్లు రెండేళ్లకోసారి సరిచూసి ఆ సీసం మీద ముద్ర కొట్టాలి. అయిదింటిలో ఒక్కదాని మీదా ముద్ర లేదు. బత్తాయి చెట్టును చూసి కిలోలు చెప్పగలిగిన రైతుకు ఆ రాయిని తిరగేసి చూడాలని తోచలేదు. కొడుకు వేళ్లు తెగుతున్నాయన్న ధ్యాసలో దాని పైభాగమే చూశాడు.

ఉస్తాద్ తీగ కడ్డీ ఉన్న రాయిని కాంటా మీంచి తీసి తన పక్కన పెట్టుకున్నాడు.

"ఈ ఒక్కటి నేనుంచుకుంట సార్."

"దేనికి?"

"ఉండనీయున్రి."

"తీసుకో ఉస్తాద్. నాన్న గుర్తుగా నాకు నాలుగున్నయ్ కదా."

ఈలోపు కుర్రాళ్లు జాకీలు దించారు. ఎవరూ గాలి కొట్టలేదు, ఎవరూ నెట్టలేదు. కాంటెస్సా వెనక భాగం ఈసారి కుంగకుండా దానంతటదే పైన నిలబడింది. ఉస్తాద్ అలవాటుగా చక్రం మీద వేళ్లు పెట్టాడు. నాలుగూ పట్టాయి.

"నీ కన్ను తప్పలేదు" అన్నాను.

"మా నాయినది గూడ సారూ" అన్నాడు.

బండాయన సంతోషంగా పర్సు తీశాడు. ఉస్తాద్ చీటీ రాసిచ్చాడు. షాకుల జత, బుష్‌లు, వెల్డింగు, తాళంచెవి, లేబరు. ఆయన చీటీ చదివి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, మళ్లీ పర్సులోకి చెయ్యి పోనిచ్చాడు.

"డిక్కీల నుంచి అంత బరువు దించినరు కదా, అది రాయలేదే? దానికెంతియ్యాలె?"

"అది మా నాయిన ఎప్పుడో కట్టిండు సార్" అన్నాడు ఉస్తాద్. "రాయికి రెండు కిలోల లెక్కన."